అన్ని డబ్బాలూ నలభై ఎనిమిదే

మా ఆయన పోయాక యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో నాకు పని ఇచ్చారు. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వెళ్తాను. మొదట ఊడ్చాను, మోకాళ్ళు పోయాక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. అక్షరాలు తడుముకుంటేనే వస్తాయి, అంకెలు మాత్రం సిటీ బస్సులు నేర్పాయి. తెర మీద గదికొకటి చొప్పున నలభై ఎనిమిది డబ్బాలు. ఏ గదిలో నల్లా పాడైతే ఆ డబ్బా నొక్కాలి, ప్లంబరుకు చీటీ వస్తుంది. అంతే ఉద్యోగం.

ఆ పాత సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లో నడవనంది. తార్నాక నుంచి ఒక ప్రోగ్రామర్ అమ్మాయి వచ్చి మళ్ళీ రాసింది. పాతదాంట్లో ఒక డబ్బా గీసి దాన్నే కాపీ చేస్తే వరుసంతా నంబర్లతో సహా తయారయ్యేదట. కొత్తదాంట్లో ఆ వరుసను మనమే కట్టుకోవాలట. కట్టింది. చూడ్డానికి అచ్చం పాతదే.

మర్నాడు ఆరో గదిలో నల్లా కారుతోందన్నారు. ఆరు నొక్కాను.

"నలభై ఎనిమిది అక్కా," అన్నాడు ప్లంబరు చీటీ చూసి.

"ఆరు నొక్కిన గదరా!"

"చీటీల ఏ రూముంటే ఆ రూంల సంతకం కావాలె. లేకుంటె నా హాజరు పోతది."

వేలు జారిందేమోలే అనుకున్నాను. మగమనిషి పైకి వస్తుంటే ముందు నడిచి స్టీలు పళ్ళెం మోగించడం కూడా నా పనే. మోగిస్తూ మూడో అంతస్తు ఎక్కాను. తర్వాత పందొమ్మిది నొక్కినా, ముప్పై నొక్కినా నలభై ఎనిమిదే. నాలుగోసారి వెళ్తే ఆ గదిలో ఉండే పిల్ల తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది.

"ఆంటీ, నా రూంల ఏమన్న చెరువున్నదా?"

"సంతకం పెట్టు చెల్లె, పోత," అన్నాడు ప్లంబరు.

కిందకు దిగేసరికి సూపరింటెండెంటు గారు నిలబడి ఉన్నారు. "చదువు రానివాళ్ళని కూర్చోబెడితే ఇలాగే ఏడుస్తుంది. రేపట్నుంచి చీపురు పట్టుకో."

ఈ మోకాళ్ళతో మళ్ళీ మూడంతస్తులు ఊడవాలంటే ఉద్యోగం వదులుకోవడమే.

"సార్, జర మీ వేలుతోని ఒక్కపారి నొక్కుండ్రి."

ఆయన కూర్చుని, కళ్ళద్దాలు సర్దుకుని, ఒకటి నొక్కారు. నలభై ఎనిమిది. "జారింది," అన్నారు. ఇరవై రెండు నొక్కారు. నలభై ఎనిమిది.

"మీరేం చదివిండ్రు సార్?"

"ఎమ్మే."

"ఎమ్మేకు గూడ నలభై ఎనిమిదే అచ్చిందక్కా," అన్నాడు గుమ్మంలోంచి ప్లంబరు.

ఫోన్ చేస్తే ప్రోగ్రామర్ అమ్మాయి వచ్చి చూసి నాలుక కరుచుకుంది. "తప్పు నాదే అమ్మా. వరుస కట్టిన గానీ ఏ డబ్బా నంబరు ఆ డబ్బాకు ఇయ్యలే. అన్నీ ఒక్క నంబరునే చూస్తున్నయి. లెక్క ఆఖరికి నలభై ఎనిమిది కాడ ఆగింది గదా, అదే అందరిదీ అయింది."

సరిచేసింది. ఒక్కొక్కటీ నొక్కి చూడాలంది. సూపరింటెండెంటు గారు ముందుకు జరిగారు.

"మీరు గాదు సార్, రోజూ నొక్కేది అమ్మ గదా," అంది ప్రోగ్రామర్ అమ్మాయి.

ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఆయన పక్కన నిలబడి కాగితం మీద టిక్కులు పెట్టారు. ఇరవై దాటాక, "కొంచెం నెమ్మదిగా నొక్కమ్మా," అన్నారు.