రెబెక్కమ్మ పచ్చబొట్టు, ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్

కెజియా ఎవరి ఫోటో చేతికి తీసుకున్నా మొదట చూసేది నుదురు. కావలిలో గిరిబాబు స్టూడియోలో పని నేర్చుకున్న రోజుల్లో ఆయన చెప్పిన మొదటి పాఠం అది. చనిపోయినవాళ్ళ ఫోటో పెద్దది చేయమని ఎవరైనా వస్తే, పేరు రాసుకోగానే ఏ మతమో అడగాలి. హిందువులైతే వెలిసిన బొట్టును ఎర్రగా దిద్దాలి. క్రైస్తవులైతే, పాత ఫోటోలో బొట్టున్నా తుడిచేయాలి. ఆ తరవాత తల కత్తిరించి, కంప్యూటర్లో సిద్ధంగా ఉన్న పట్టుచీర ఒంటికో, కోటు ఒంటికో అతికించాలి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్నో ఇళ్ళ గోడల మీద మెడ కింద అందరిదీ ఒకటే ఒళ్ళు.

పెళ్ళయి బిట్రగుంట వచ్చాక, రైల్వే కాలనీ దారిలో ఒక గది అద్దెకు తీసుకుని కెజియా సొంతంగా స్టూడియో పెట్టుకుంది. తెరిచిన రోజున గిరిబాబు స్వయంగా వచ్చి ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. అందులో ఫోటోషాప్ దొంగ కాపీ ఉంది. ఆయన షాపులో నడిచేదీ అదే. అది తప్పని అక్కడ ఎవరైనా అనగా ఆమె ఎన్నడూ వినలేదు.

ఆ కాపీతో పాటు ఏం వచ్చి చేరిందో, ఒక ఉదయం కంప్యూటర్ వేస్తే ఒక్క ఫోటో కూడా తెరుచుకోలేదు. ఫైళ్ళన్నిటికీ తాళం పడింది. తీయాలంటే డబ్బు పంపమని తెర మీద బెదిరింపు. ఒక పెళ్ళి, ఒక ఓణీల ఫంక్షన్ దాంట్లోనే పోయాయి. ఆ ఇళ్ళకు కెజియా తనే నడిచి వెళ్ళి చెప్పుకుంది. ఒకచోట తిట్టారు. రెండోచోట పెళ్ళికూతురు లోపలికి పోయి తలుపు వేసుకుంది. తిట్ల కన్నా ఆ తలుపు చప్పుడే ఆమెకు ఎక్కువ రోజులు వినిపించింది. దొంగ కాపీ మళ్ళీ ముట్టుకోకూడదనుకుంది. అసలుదానికి నెలనెలా కట్టాలంటే, ఆమె రాబడికి అది ఇంకో గది అద్దెతో సమానం.

గిరిబాబు ఫోన్ చేశాడు. “ఇంకో పెన్‌డ్రైవ్ ఇస్తాలే, వచ్చి తీసకపో.”

“వొద్దన్నా. ఫోటోలు దిద్దేదానికి గింప్ అని ఒకటుందంట. డబ్బులు కట్టబళ్ళేదంట.”

“ఈ రోజుల్లో ఊరికే ఎవుడిస్తాడమ్మాయ్? గుళ్ళో ప్రసాదమా అది?”

“చేసినోళ్ళే అందర్నీ వాడుకోమని పెట్టినారంట.”

“సరే, చూడు. చేతగాకపోతే వచ్చెయ్. నీ కుర్చీలో ఇంకా ఎవుర్నీ కూర్చోబెట్టలా.”

ఎగతాళిగా అని ఉంటే ఆమెకు పంతం వచ్చేది. ఆయన ప్రేమగానే అన్నాడు. అందుకే దిగులేసింది.

గింప్ దించుకున్న మొదటి రోజుల్లో, ఏళ్ళ తరబడి ఉప్పుడబ్బా ఉన్నచోట చెయ్యి పెడితే కారం దొరికినట్టుండేది. ఏ మీట నొక్కినా అనుకున్నది జరిగేది కాదు. ఫోన్‌లో ఎవరో అమ్మాయి తెలుగులో చెప్పే వీడియోలు పెట్టుకుని, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ నేర్చుకుంది. “అసలు ఫోటోని ముట్టుకోకండి, ప్రతి మార్పూ వేరే పొర మీద చెయ్యండి” అని ఆ అమ్మాయి ప్రతి వీడియోలోనూ చెప్పేది. గిరిబాబు దగ్గర అంత తీరిక ఉండేది కాదు. చేసిందల్లా ఒకటిగా కలిపేసి ప్రింటుకు పంపడమే. ఇప్పుడు తన చేతి మీద తనకే నమ్మకం లేక, కెజియా ప్రతి చిన్న దిద్దుబాటుకూ, ఫోటో మీద గాజు పలక పరిచినట్టు, ఒక పొర వేసేది.

ఈలోగా ఆల్బం పనులు వేరే షాపులకు పోయాయి. సిద్ధంగా దాచుకున్న ఒళ్ళు కూడా పాత ఫైళ్ళతో పాటే పోయాయి. మిగిలింది పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు. ఈ నెల చూసి గిరిబాబు దగ్గరికే పోదామని నిశ్చయించుకుంది. కావలికి రైలు పాసు ఎంతో కూడా కనుక్కుంది.

అలాంటప్పుడు లిల్లీ వచ్చింది. అల్లూరు పక్కన పల్లె ఆమెది. తల్లి రెబెక్కమ్మ పోయింది. గురువారం ఆదరణ కూటమి. బంధువులూ సంఘమూ చేరి ప్రార్థన చేసి ఇంటివాళ్ళకు ధైర్యం చెప్పే రోజు. ఆ రోజు బల్ల మీద పెట్టడానికి ఫోటో కావాలి.

“నవ్వే ఫోటో ఇదొక్కటే ఉండాదక్కా,” అని కవరులోంచి తీసింది. చర్చి ముందు కోతపండగ నాడు, వరికంకుల కట్ట పట్టుకుని నిలబడిన ఆడమనిషి. ఫోటో అద్దానికి అంటుకుపోయి ఊడదీసినట్టుంది. ఒక చెంప మీద పొర లేచిపోయింది. నుదుటి మీదుగా బూజు పాకింది.

ఇదివరకైతే కెజియా ఆ ముఖం వరకు కత్తిరించి పట్టుచీర ఒంటికి అతికించేది. ఇప్పుడు ఆ ఒళ్ళు లేవు. ఉన్న మనిషినే బాగు చేయాలి. మంచిగా ఉన్న చెంప చూసుకుంటూ రెండో చెంప పూడ్చింది. నేతచీర అంచు పోగుపోగుగా కలిపింది. వరికంకులు కూడా వదల్లేదు. పని సాగేకొద్దీ ఉప్పుడబ్బా ఎక్కడుందో చేతికి తెలుస్తూ వచ్చింది. బూజు తీసేటప్పుడు నుదుటి మీద ఆకుపచ్చటి మరకొకటి కనిపించింది. క్రైస్తవ కుటుంబం కదా. బూజో, పాత బొట్టో, ఏదైతేనేం? తుడిచేసింది.

బుధవారం పొద్దున లిల్లీ వచ్చి ప్రింటు చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

“ఎవురక్కా ఈమె?”

కెజియా కూడా ప్రింటు మీదికి వంగింది. “మీయమ్మే గదా!”

“చీర మాయమ్మదే. నవ్వూ మాయమ్మదే.” లిల్లీ వేలితో నుదుటి మీద రాసింది. “పచ్చబొట్టేది?”

“బొట్టనుకుని తీసేసినానమ్మా. మనోళ్ళు పెట్టుకోరు గదా అని.”

“చిన్నప్పుడు పొడిపించుకున్నిందక్కా. బాప్తిస్మం నాడు చర్చి అయ్యగారిని అడిగిందంట, దీన్నేం చెయ్యమంటారని. చర్మం వొలుచుకుంటావా తల్లీ, ఉండనీ, అన్నాడంట. ఎవురేమన్నా అదే చెప్పి నవ్వేది. దేవుడే ఉండనిచ్చినాడు, నువ్వు తుడిచేసినావే!”

ఏడుస్తూనే దెప్పింది. గిరిబాబు షాపులో అయితే ఇక్కడితో అయిపోయేది. కలిపేసిన ఫోటోలోంచి పోయింది తిరిగి రాదు. కెజియా కంప్యూటర్ వేసి, పొరల వరసలో నుదుటి పొర వెతికి, దాని పక్కనున్న కన్ను గుర్తు నొక్కింది. ఆ పొర మాయమైంది. కింద బూజూ, బూజులో సగం మునిగిన ఆకుపచ్చ మరకా బయటపడ్డాయి.

“కూర్చో. ఎట్టా ఉండేదో నువ్వు చెప్పు, నేను గీస్తా.”

“కనుబొమల మధ్యన గీత. అంత నిటారు గాదు, రవ్వంత ఎడమకి. కింద చుక్క. ఆ రంగు గాదక్కా, అది చిలకపచ్చ! మాయమ్మది నీలం కలిసినట్టుండేది. ఆఁ... ఇంకా మసగ్గా.”

కరెంటు పోయింది. ఇద్దరూ టీ తాగి మళ్ళీ కూర్చున్నారు. మధ్యాహ్నానికి లిల్లీ చెయ్యి చాపి తెర మీద ఆ చుక్కను తాకింది. అయిందని కెజియాకు అర్థమైంది.

లిల్లీ వెళ్ళాక కెజియా ఆ ఫోటోను గిరిబాబుకు పంపింది. వెంటనే ఫోన్ వచ్చింది.

“ఒళ్ళు బాగా కుదిరిందే. యాడ దొరికిందమ్మాయ్ ఈ ఒళ్ళు?”

“ఆమెదేనన్నా.”

“ఊరికే వచ్చేదాంట్లోనేనా చేసినావు?”

“దాంట్లోనే.”

“అయితే ఆ కుర్చీలో ఇంకెవుర్నన్నా కూర్చోబెట్టుకుంటా. ఇంక నీ కోసం కాచుకోన్లే.”

గురువారం లిల్లీ పిలిచిందని కెజియా ఆ పల్లెకు వెళ్ళింది. బల్ల మీద తెల్లచామంతుల మధ్య రెబెక్కమ్మ వరికట్ట పట్టుకుని నవ్వుతోంది. వచ్చినవాళ్ళు ముందు నుదురు చూసి, తరవాత కళ్ళు తుడుచుకుంటున్నారు. బైబిలు వాక్యం చెప్పడం అయ్యాక అయ్యగారు, కృతజ్ఞత చెప్పేవాళ్ళుంటే లేవమన్నారు. లిల్లీ లేచి సంఘానికీ, వంటవాళ్ళకీ, ఫోటో చేసిన అక్కకీ వందనాలు చెప్పింది. అందరూ తన వైపు తిరిగేసరికి కెజియా కూడా లేవాల్సి వచ్చింది.

“నేను చేసింది కొంచెమే అయ్యగారూ. పనిముట్టు నాది గాదు. ఎవురో కూడి తయారుచేసి, లేనోళ్ళు కూడా వాడుకోమని వొదిలిపెట్టినారు. అది లేకుంటే నా షాపు మూతపడేది. వాళ్ళ కోసం ప్రార్థన చెయ్యండి.”

ముందు వరసలో ఒక ముసలమ్మ వెనక్కి తిరిగింది. “ఎవురమ్మా వాళ్ళు? మన సంఘమేనా?”

“తెలీదు పెద్దమ్మా.”

“ఏ ఊరు?”

“అదీ తెలీదు. చానా దేశాలోళ్ళంట.”

“పేరూ ఊరూ లేకుండా ఎట్టా చేస్తాడే అయ్య, ప్రార్థన?”

అక్కడక్కడా నవ్వారు. అయినా కెజియా కూర్చోలేదు. అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. “ప్రభువా, వాళ్ళ పేర్లు మాకు తెలీవు, నీకు తెలుసు. వాళ్ళ చేతుల్ని దీవించు.” అందరితో పాటు కెజియా కూడా ఆమేన్ అంది, కొంచెం గట్టిగానే.

భోజనాల దగ్గర ఆ ముసలమ్మ విస్తరి పట్టుకుని వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. “నాది కూడా ఒకటి తియ్యి పాపా. నేనుండంగానే. ఈ పక్క పన్ను ఊడింది, దాన్ని మాత్రం పెట్టబాక.”

“అట్నే పెద్దమ్మా,” అని కెజియా నవ్వి, అన్నం కలుపుకుంది. “రేపు వెలుతురుండంగా రా.”