మెయిన్ మావయ్య మూడో లైసెన్సు

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది. ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప అదిప్పుడు ఇంకెక్కడా కనబడదు. పిల్లా పెద్దా అందరికీ ఆయన మెయిన్ మావయ్యే.

"మెయిన్ ఆపారా?" అనేది ఆయన పలకరింపు. వైరు ముట్టుకునే ముందు కరెంటు పనివాడెవడైనా ఆ మాట అడుగుతాడు. ఆపామంటే నమ్మి పనిలోకి దిగుతాడు. ఈయన నమ్మడు. మేడ దిగి వెళ్ళి, మెయిన్ స్విచ్ కళ్ళారా చూసి, మళ్ళీ ఆయాసపడుతూ మేడెక్కి అప్పుడు పని మొదలెడతాడు. జుట్టు కత్తిరించే మిషను చేతిలోకి తీసుకున్న క్షౌరశాల అబ్బాయినీ అదే అడిగాడు. గుండె పరీక్ష చేద్దామని ఛాతీకి వైర్లు అంటించిన నర్సునీ అదే అడిగాడు. ఆవిడ నవ్వితే, వైర్లతో సహా లేచి మెయిన్ బోర్డు ఎక్కడుందో వెతకబోయాడు. రిపోర్టులో గుండె గీతలు ఎగిరెగిరి పడ్డాయంటే పడవా మరి!

"నేనే ఆపాను మొర్రో అన్నా వెళ్ళి చూసొస్తారు. ఇన్నేళ్ళ కాపురంలో మెయిన్ దగ్గర నా మాట ఒక్కసారీ చెల్లలేదు," అని వాళ్ళావిడ కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది.

వాళ్ళ ఊరు మూడు రాష్ట్రాలు కలిసే మూలన ఉంది. బజారు వాళ్ళ సొంత రాష్ట్రం. వంతెన దాటితే ఏటవతలి రాష్ట్రం. బస్టాండు వెనక మలుపు తిరిగితే కొండ రాష్ట్రం. ఇక్కడ ఒకడు తుమ్మితే అక్కడ ఇంకొకడు ముక్కు తుడుచుకునేంత దగ్గర. కరెంటు అదే, వైరు అదే, తగిలితే ఎగిరి పడేదీ ఒకేలాగే. కానీ కాంట్రాక్టరు లైసెన్సు మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే, రూళ్ళు కూడా ఎవరివి వాళ్ళవే. సొంత రాష్ట్రంలో స్విచ్‌బోర్డు భుజం ఎత్తున ఉండాలి, కిందికి నొక్కితే దీపం వెలగాలి. ఏటవతల కూడా కిందికే నొక్కాలిగాని, బోర్డు నడుం ఎత్తున ఉండాలి. కొండ రాష్ట్రం వాళ్ళ తీరే వేరు, అక్కడ పైకి నొక్కితే వెలగాలి. ఎందుకండీ అని అడిగితే, మా తాతల నాటినుంచీ ఇంతే అంటారు. అక్కడికేదో వాళ్ళ తాతలకి కరెంటున్నట్టు!

ఏటవతలి లైసెన్సు కోసం చదివే రోజుల్లో మెయిన్ మావయ్య ఒక పద్ధతి కనిపెట్టాడు. పుస్తకం చదివితే బుర్ర మర్చిపోతుందట, చేత్తో చేస్తే చెయ్యి మర్చిపోదట. అందుకని తన వంటగదికి ఏటవతలి రూళ్ళ ప్రకారం కొత్తగా వైరింగ్ చేశాడు. లైసెన్సయితే వచ్చింది. వాళ్ళావిడకి మాత్రం తలప్రాణం తోకకొచ్చింది. బోర్డు నడుం ఎత్తున ఉండేసరికి ఆవిడ ఇటు తిరిగితే మిక్సీ తిరిగేది, అటు తిరిగితే ఫ్యాను ఆగిపోయేది. "ఏవండీ, వంటగదిలోకి వెళ్ళాలంటే నేను కూడా పరీక్ష రాయాలా?" అని అడిగింది. ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

ఆ రెండు లైసెన్సులతో ఆయన హాయిగా బతికేసేవాడే. కానీ కొండ రాష్ట్రానికి కోడలిగా వెళ్ళిన కూతురు అక్కడ మేడ కట్టిస్తోంది. ఆమె మామగారు, అంటే మన మెయిన్ మావయ్య వియ్యంకుడు, ఆ రాష్ట్రంలోనే పేరున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు. ఇద్దరు వియ్యంకులదీ ఒకే వృత్తి. ఇంక చెప్పాలా! ఎదురుపడితే 'బావగారూ, బావగారూ' అని ఒలకబోసుకుంటారు. పక్కకి తిరిగితే ఒకరు వేసిన వైరింగ్‌కి ఇంకొకరు వంకలు పెడతారు.

"నాన్నా, ప్లాస్టరింగ్ మొదలయ్యేలోపు గోడల్లో వైర్ల పైపులు పడిపోవాలి," అంది కూతురు ఫోన్లో. "ఆలోపు నీకు లైసెన్సు వస్తే నువ్వు చెయ్యి. రాకపోతే మావయ్యగారు చేసేస్తారు."

పక్కనుంచి వియ్యంకుడి గొంతు వినబడింది. "ఈ వయసులో పరీక్షలెందుకు బావగారూ మీకు? కుర్చీ వేయిస్తాను, కూర్చుని చూద్దురుగాని."

మెయిన్ మావయ్యకి ఒళ్ళు మండింది. అందుకు కారణం ఉంది. చిన్నప్పుడు ఆ పిల్లకి చీకటంటే చచ్చేంత భయం. పక్కమీదనుంచి లేవకుండానే చెయ్యి కిందికి జారిస్తే దీపం వెలిగేలా, మంచం పక్కన గోడకి చిన్న స్విచ్ బిగించాడు ఆయన. పెళ్ళయ్యేదాకా దాని మీద చెయ్యి వేసుకునే నిద్రపోయింది ఆ పిల్ల. "నువ్వెక్కడున్నా నీ ఇంటి దీపాలు నేనే పెడతానమ్మా," అని ఆ రోజుల్లోనే మాటిచ్చాడు. ఇప్పుడా దీపాలు బావగారు పెడితే ఇంకేం మిగులుతుంది? చెప్పుకోడానికి సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదుగాని, ఆయనకి భయం వేసింది.

అంతే, పడకగదిని కొండ రాష్ట్రం చేసేశాడు. పైకి నొక్కితే వెలుగు, కిందికి నొక్కితే చీకటి. హాల్లో ఒక రాష్ట్రం, వంటగదిలో ఒక రాష్ట్రం, పడుకునేది మూడో రాష్ట్రంలో. ఎక్కే గుమ్మం దిగే గుమ్మం సాధన చేస్తూ, చేతికి పాఠం చెప్పుకుంటూ తిరిగేవాడు. "హాలు, కిందికి. పడకగది, పైకి," అని నిద్రలో కూడా గొణిగేవాడు.

వాళ్ళావిడ ఓపిక పట్టింది, పట్టింది, సరిగ్గా పరీక్ష ముందు రోజు ఆ ఓపిక కాస్తా అయిపోయింది. స్విచ్ ఎటు నొక్కాలో తోచక తలుపుకి నుదురు కొట్టుకుని బొప్పి కట్టించుకుంది. ఆయన బజారుకి వెళ్ళగానే మెయిన్ ఆపి, స్క్రూడ్రైవర్ తీసుకుని, పడకగది స్విచ్‌ని తలకిందులుగా తిప్పి బిగించేసింది. ఇన్నేళ్ళు చూస్తూనే ఉంది కదా, ఆ మాత్రం రాదా? ఆయనకి చెబుదామనుకుని, పొయ్యి మీద పాలు పొంగడంతో మర్చిపోయింది.

ఆ రాత్రి పాఠం వల్లె వేస్తూ హాల్లోనే నిద్రపోయిన మెయిన్ మావయ్య, మర్నాడు తెల్లవారగానే చివరిసారి సాధన చేద్దామని పడకగది స్విచ్ పైకి నొక్కాడు. దీపం వెలగలేదు. కిందికి నొక్కితే వెలిగింది. 'ఇన్నాళ్ళూ తప్పు నేర్చుకున్నానా!' అనుకున్నాడు. మనుషులెవరి మాటా నమ్మని పెద్దమనిషి, బల్బు మాట మాత్రం నమ్మేశాడు. దారి పొడుగునా "కిందికి, కిందికి" అని జపం చేసుకుంటూ వెళ్ళాడు.

పరీక్ష హాల్లో బోర్డు ముచ్చటగా బిగించాడు. కళ్ళద్దాల ఆఫీసరు వచ్చి స్విచ్ పైకి నొక్కాడు. వెలగలేదు. మళ్ళీ నొక్కాడు.

"కిందికి నొక్కండి సార్," అన్నాడు మెయిన్ మావయ్య గర్వంగా.

"ఏ రాష్ట్రంలో ఉన్నారనుకుంటున్నారు మీరు?" అన్నాడు ఆఫీసరు.

ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చి సంగతి చెప్పాడు. వాళ్ళావిడ తేలు కుట్టిన దొంగలా నిలబడి, చేసిన పని ఒప్పుకుంది. కోపంతో ఎగిరి పడతాడనుకుంది ఆవిడ.

"మెయిన్ ఆపే తిప్పావా?" అని అడిగాడు ఆయన.

"ఆపే తిప్పానండీ."

ముందు రోజే అయిపోయిన పనికి కూడా ఆయన లేచి వెళ్ళి మెయిన్ చూసొచ్చాడు.

వాళ్ళావిడ కూతురికి ఫోన్లో అంతా చెప్పేసినట్టుంది, సాయంత్రానికల్లా వియ్యంకుడి ఫోను. పుండు మీద కారం చల్లడానికే చేశాడనుకుని మెయిన్ మావయ్య పళ్ళు నూరుతూ ఎత్తాడు.

"బావగారూ, పదిహేను రోజుల్లో పరీక్ష మళ్ళీ పెడుతున్నారు. వచ్చి మా ఇంట్లో ఉండి చదువుకోండి. మా ఇంట్లో స్విచ్‌లన్నీ పైకే. మా ఆవిడ వాటి జోలికి పోదు."

"ఈలోపు ప్లాస్టరింగ్ అయిపోతుందిగా?"

"ఎక్కడండీ! మేస్త్రికి జ్వరమట."

మెయిన్ మావయ్య పెట్టె సర్దుకుని వెళ్ళాడు. దారిలో పిట్టగోడ మీద కూర్చుని టీ తాగుతూ మేస్త్రి కనిపించాడు. "జ్వరం తగ్గిందా?" అని అడిగితే, "నాకు జ్వరమేంటండీ? ఇసుక రాలేదని మీ బావగారే ఆపారు," అన్నాడు. ఆ పక్కనే ఇసుక గుట్ట ఉంది. మెయిన్ మావయ్య ఇసుక గుట్ట వైపు చూశాడు, మేస్త్రి వైపు చూశాడు, ఏమీ అర్థం కాక ముందుకి నడిచాడు.

రెండోసారి పరీక్ష పాసయ్యాడు. అయితే ఆ రాష్ట్రంలో ఒక మెలిక ఉంది. కొత్త లైసెన్సుతో చేసిన మొదటి పనిని ఆఫీసరు స్వయంగా తనిఖీ చేస్తాడు. ఒక్క స్విచ్ తప్పుగా ఉన్నా లైసెన్సు రద్దు. మళ్ళీ అడిగే వీలు కూడా ఉండదు.

తెలిసి తెలిసి మన మెయిన్ మావయ్య ఏం చేశాడంటారా? కూతురి మేడంతా పద్ధతి ప్రకారం వైరింగ్ చేశాడు, ఒక్క వంక పెట్టడానికి లేదు. కానీ పైఅంతస్తు పడకగదిలో, కూతురి మంచం పక్కన, చిన్న స్విచ్ ఒకటి బిగించి దాన్ని మాత్రం కిందికి నొక్కితే వెలిగేలా పెట్టాడు. వద్దు వద్దని బుర్ర మొత్తుకుంది. చెయ్యి వింటేగా!

తనిఖీకి వచ్చింది ఆ కళ్ళద్దాల ఆఫీసరే. గదిగదికీ తిరిగి ప్రతి స్విచ్ నొక్కి చూస్తున్నాడు. మెయిన్ మావయ్యకి చెమటలు కారిపోతున్నాయి. పడకగదిలోకి వచ్చేసరికి వియ్యంకుడు ముందే అక్కడున్నాడు. గోడకి వీపు ఆనించి, సరిగ్గా ఆ చిన్న స్విచ్ మీద ఆనించి, "అబ్బా, నడుం పట్టేసింది సార్," అంటూ మూలుగుతున్నాడు. ఆఫీసరు జాలిగా చూసి మిగతా స్విచ్‌లు నొక్కి బయటికి నడిచాడు. మెయిన్ మావయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

అందరూ గది బయట వరండాలో కాఫీకి కూర్చున్నారు. ఆఫీసరు సంతకం పెట్టడానికి పెన్ను తీశాడు. అప్పుడే సామాను సర్దుదామని పడకగదిలోకి వెళ్ళిన కూతురు లోపల్నుంచి సంతోషంగా కేకేసింది.

"ఈ ఇంట్లో స్విచ్‌లన్నీ తలకిందులేగాని, మంచం పక్కది ఒక్కటే సరిగ్గా ఉంది! ఇదెవరు పెట్టారు?"

ఆఫీసరు పెన్ను గాల్లో ఆగిపోయింది. 'నేనేనమ్మా' అనాలని మెయిన్ మావయ్యకి గొంతుదాకా వచ్చింది. ఆ మాట కోసమే కదా ఇంత యాతనా పడింది. అంటే మాత్రం లైసెన్సు పోతుంది.

"నేనేనమ్మా," అన్నాడు వియ్యంకుడు. "పని మొత్తం బావగారిదే సార్. ఆ ఒక్కటీ నేను బిగించాను. వయసైపోయింది, చూసుకోలేదు."

ఆఫీసరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో మీ మీద ఒక్క మచ్చ లేదండీ. ఇలాంటి పొరపాటా? హెచ్చరిక రాయక తప్పదు. రేపటికల్లా సరిచెయ్యండి," అన్నాడు. మెయిన్ మావయ్య కాగితం మీద మాత్రం సంతకం పడింది.

లోపల్నుంచి కూతురు, "థాంక్స్ మావయ్యా!" అంది. మెయిన్ మావయ్యకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందో తేల్చుకోలేక వేడి కాఫీ గటగటా తాగేసి నాలుక కాల్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్న వియ్యంకులిద్దరూ ఆ స్విచ్ ముందు నిలబడ్డారు. కూతురి కొత్తిల్లు చూడ్డానికి వచ్చిన మెయిన్ మావయ్య భార్య కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మాయి చెయ్యి దీనికి అలవాటు పడిపోయింది బావగారూ. తిప్పబుద్ధి కావట్లేదు," అన్నాడు మెయిన్ మావయ్య.

"తిప్పొద్దు. తలుపు దగ్గర ఇంకో స్విచ్ పెట్టి రెంటినీ కలుపుదాం. మెట్ల దీపానికి పైనొకటి, కిందొకటి పెడతామే, అలాగన్నమాట. దానికి పైకి, కిందికి అన్న రూలే లేదు. మీ అమ్మాయి కిందికి నొక్కినా తప్పు కాదు, మా అబ్బాయి పైకి నొక్కినా తప్పు కాదు."

"ఓరి భగవంతుడా! ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"మీరు అడిగితేగా! మీరు నన్ను ఇన్నేళ్ళూ అడిగిన ప్రశ్న ఒక్కటే," అన్నాడు వియ్యంకుడు. "ఉండండి, మెయిన్ ఆపొస్తాను."

మెట్లు దిగిన చప్పుడైంది. కాసేపటికి కిందినుంచి కేక వినబడింది. "ఆపాను బావగారూ!"

మెయిన్ మావయ్య కాళ్ళు అలవాటు చొప్పున మెట్లవైపు నడిచాయి. వాళ్ళావిడ కూడా అలవాటు చొప్పున పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఇసుక గుట్ట గుర్తొచ్చింది, గోడకి ఆనించిన వీపు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగొచ్చి, స్విచ్ ఊడదీసి, ఉత్త చేత్తో వైరు పట్టుకున్నాడు.

ఆవిడ గుమ్మంలోంచి ఒకడుగు లోపలికి వేసింది. "ఏవండీ, కిందికెళ్ళి చూసి రారా?"

"చూసేదేముందే? బావగారు ఆపానన్నారుగా."

"ఓహో, అలాగా! మరి ఇన్నేళ్ళూ నేను ఆపానన్నప్పుడు ఏమైందట ఈ నమ్మకం?" అని, ఆయన కోసం తెచ్చిన కాఫీ పట్టుకుని విసవిసా మెట్లు దిగి వెళ్ళి వియ్యంకుడికి ఇచ్చేసింది.