షడ్డకుడి ల్యాప్‌టాప్

మా ఆవిడ చెల్లెలి మొగుడు, అంటే మా షడ్డకుడు, తన ల్యాప్‌టాప్ మూత మూసి తెరిస్తే అది ఆపిన చోటే పని మొదలుపెట్టేది. నాది మూస్తే మళ్లీ లేచేది కాదు. రెండూ ఒకే నెలలో, బెంగళూరులో ఒకే వీధిలో కొన్నవి. రెండింట్లోనూ విండోస్ బదులు లినక్సే. కుప్పంలో అత్తగారింటికి పోయినప్పుడల్లా ఆయన మంచం మీద కూర్చుని మూత తెరిచేవాడు, నాకు కన్ను కుట్టేది.

మాది పుంగనూరులో బట్టలంగడి. చీర ఎట్లా ఉందని అడగరు మా ఇంట్లో, ఎంతకు తెచ్చినావని అడుగుతారు. నేను అంగట్లో కూర్చోకుండా కంప్యూటర్ల పని పట్టుకున్నా నాలుక మాత్రం అంగడిదే. విండోస్‌కు దుడ్లు పెట్టలేక దొంగ కాపీలతో నెట్టుకొచ్చే చిన్న స్కూళ్లు అప్పట్లో చాలా ఉండేవి. బస్సుల్లో తిరుగుతూ వాటికి ఊరికే దొరికే లినక్స్ వేసిచ్చి నా కూలి తీసుకునేవాణ్ని. మదనపల్లెలో ఒక కాలేజీ కరస్పాండెంటు మాత్రం, ముందు నీ సొంత మిషన్‌లో నడిపి చూపించు, తీగ లేకుండా ఇంటర్నెట్ రావాల, వస్తే మా ల్యాబంతా నీకే అన్నాడు. అందుకే చేత పట్టుకుని తిరిగే కంప్యూటర్ కొనాల్సి వచ్చింది.

బెంగళూరులో నేను చేసిన బేరం చూడాల్సిందే. మూడుసార్లు అంగడి మెట్లు దిగాను. రెండుసార్లు వాళ్లే వెనక్కి పిలిచారు, మూడోసారి పిలవకపోతే గొడుగు మరిచిపోయినవాడిలా నేనే వెనక్కి పోయాను. విండోస్ నాకొద్దు, దాని ధర తీసెయ్యమన్నాను. తీసేశారు. సంచీ, మౌసూ ఊరికే రాబట్టాను, తెర తుడిచే గుడ్డ కూడా. విండోస్ లేకుండా అమ్మిన మిషన్ గనక లినక్స్ దీనికి ఇట్టే సరిపోతుందని నా లెక్క. ఇంటికొచ్చి వేస్తే వైర్‌లెస్ చచ్చినట్టు పడి ఉంది. లోపలున్న చిప్పును లినక్స్‌లో నడిపించే డ్రైవరు ప్రోగ్రాము ఇంకా ఎవరూ రాయలేదట.

షడ్డకుడిది నిమ్మనపల్లె పక్క సేద్యం ఇల్లు. కుప్పంలో కాలేజీ ల్యాబులో ఉద్యోగం. అంగడివాడు చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చి వచ్చాడని విన్నప్పుడు అందరికంటే ముందు నవ్వింది నేనే. ఎట్లా ఎంచుకున్నావప్పా అని తర్వాత అడిగితే చెప్పాడు. చొక్కా జేబులో లినక్స్ సీడీ పెట్టుకుపోయాడట, మిషన్‌లో ఏదీ మార్చకుండా సీడీ మీదనే నడిచే రకం. గంటన్నర కూర్చుని నాలుగు మిషన్లలో వేసి, వైర్‌లెస్ పట్టిందా, పాట వినిపించిందా, మూత మూసి తెరిస్తే లేచిందా అని చూసి, నాలుగోది తీసుకున్నాడట.

"కాడి కట్టి రెండు సాళ్లు దున్నకుండా ఎద్దును ఎట్ల కొంటామన్నా?" అన్నాడు.

ఆ సీడీలు నా దగ్గర డజన్ల కొద్దీ ఉండేవి. స్కూళ్లలో పంచిపెట్టేవాణ్ని.

మదనపల్లె కాలేజీలో చూపించాల్సిన రోజు దగ్గరపడింది. ఆదివారం కుప్పం పోయి, ఆయన మిషన్ మీదనే బేరం మొదలుపెట్టాను. కొనే సరుకుకు ముందు వంకలు పెట్టాలి గదా, బరువన్నాను, తెర చిన్నదన్నాను. తర్వాత మెల్లగా, నీది నాకియ్యి, నాది తీసుకో, సంచీ మౌసూ కూడా నీకే అన్నాను. ఇంకా పైకి పోవడానికి మనసులో సిద్ధంగానే ఉన్నాను.

"తీస్కోన్నా. ల్యాబులో నాకు తీగె ఉండనే ఉండాది గదా" అని ఆయన మిషన్ నా వైపు జరిపాడు.

అంతే, నాకు అనుమానం పట్టుకుంది. మొదటి మాటకే ఒప్పుకున్నవాడి సరుకులో ఏదో ఉంటుందని మా అంగట్లో అందరూ నమ్ముతారు. తిప్పి తిప్పి చూశాను. బ్యాటరీ బాగుంది, తెర మీద గీత లేదు. కంటికి కనబడటం లేదంటే అది ఇంకా పెద్ద లోపమే అయ్యుంటుందనిపించింది. ఉండనీలేప్పా, నీకే పనికొస్తాది అన్నాను పెద్దమనిషిలా. ఆయన ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది. అదీ ఓర్చుకోలేకపోయాను.

బస్సులో మా ఆవిడ అడిగింది. "ఆయప్ప ఇస్తానంటే యాల వద్దన్నావు?"

"ఏదో ఉండాది దాంట్లో."

"ఏముండాది? ఆయప్పకు నువ్వంటే ప్రేమ ఉండాది."



మదనపల్లె కాలేజీలో నా మిషన్‌కే తీగ తగిలించి చూపించాను. కరస్పాండెంటు తీగ వైపు చూశాడు, నా వైపు చూశాడు, వచ్చే వారం రమ్మన్నాడు. మళ్లీ అడగడానికి నోరు రాక మా ఆవిడ చేత ఫోన్ చేయించాను. షడ్డకుడు సెలవు పెట్టుకుని మిషన్‌తో సహా తొలి బస్సుకే వచ్చేశాడు. కాలేజీలో మూత తెరవగానే తీగ లేకుండా ఇంటర్నెట్ వచ్చింది. కరస్పాండెంటు కుర్చీ ఆయన పక్కకు లాక్కుని, ఏ మిషన్ కొనాలి, ఎట్లా చూసుకోవాలి అని ఒక్కొక్కటే అడిగాడు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను.

ల్యాబు నాకే ఇచ్చారు. వారం రోజులు ఒక్కో మిషన్‌లో లినక్స్ వేస్తూ కూర్చున్నాను. రోజూ కరస్పాండెంటు తలుపు దగ్గరికి వచ్చి అడిగేది ఒక్కటే: "మీ తమ్ముడు మళ్లీ ఎప్పుడొస్తాడప్పా?"