గుట్ట దిగిన చోట వంటా వార్పు

ఆ రోజుల్లో మాకు ప్రతిదీ ఉద్యమంలాగే కనిపించేది. రోడ్డు మీద నలుగురు కూర్చుంటే రాస్తారోకో, పొయ్యి వెలిగిస్తే వంటా వార్పు (రోడ్డు మీదే వండుకు తిని నిరసన చెప్పడం అన్నమాట), ఎవరైనా గుండుతో ఎదురైతే అదీ నిరసనే. అప్పుడు నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా చేరిన లెక్కల సారును. మీసం సరిగ్గా రాలేదు గానీ, ప్రత్యేక రాష్ట్రం మాత్రం నా ఉపన్యాసం కోసమే ఆగి ఉందని గట్టి నమ్మకం. అందుకే భూపాలపల్లి దాకా పన్నెండు మందిమి సైకిల్ యాత్ర బయలుదేరినప్పుడు, మాకు పెద్దగా వచ్చిన లెక్చరర్‌ను (అందరం పెద్దన్న అనేవాళ్లం) మూడు రోజులు సతాయించి, కొత్తగూడ వంటా వార్పులో మాట్లాడే అవకాశం సంపాదించాను.

ఆ ఉదయం మహబూబాబాద్ దాటాక, అడ్డదారి నాకు తెలుసన్నాను. చిన్నప్పుడు మేనత్త ఊరికి ఆ దారినే పోయాను మరి. (బస్సులో, నిద్రపోతూ. ఆ ముక్క చెప్పలేదు.) ఒక గుట్ట ఎక్కాం, దిగాం, ఇంకోటి వచ్చింది. ఎండకు సీటు మీద కూర్చోలేం, దిగి తోద్దామంటే హ్యాండిల్ పట్టుకోలేం. సీసాల్లో నీళ్లు అయిపోయాయి. మూడో గుట్ట మీద పెద్దన్న సైకిలు కింద పడేసి, "ఇగ సూడు తమ్మీ, గీ గుట్ట దిగేసరికి కొత్తగూడ రాలేదనుకో, నీకు మైకు లేదు, ఏం లేదు. జెండ పట్టుకొని ఎనుక రావాలె, గంతే" అన్నాడు. మైకు పోతుందన్న భయంతో నేను దాహం కూడా మరిచిపోయాను.

గుట్ట దిగుతుంటే పొగ కనిపించింది. బాట పక్కన టెంటు, పొయ్యిల మీద అన్నం ఉడుకుతున్న పెద్ద పెద్ద గంజులు, యాభై మంది జనం. ప్రాణం లేచి వచ్చింది. "చెప్పలే? వంటా వార్పు!" అని అరిచాను. దగ్గరికి పోతే ముగ్గురికి నున్నటి గుండ్లు, కుర్చీలో దండ వేసిన ఒక ముసలాయన ఫోటో. అమరుడై ఉంటాడని నాకు కళ్లు చెమర్చాయి. చెమట కూడా తుడుచుకోకుండా ఫోటో ముందు నిలబడి అందుకున్నాను. ఈ మట్టి కోసం ప్రాణమిచ్చిన వీరుడన్నాను, ఢిల్లీ వాళ్లు ఈయన ముఖం చూసి జవాబు చెప్పాలన్నాను. చివర్లో "అమరవీరుడికీ..." అని నినాదమిస్తే మావాళ్లు జై కొట్టారు. ఊరివాళ్లు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జనం ఇంత చప్పగా ఉంటే రాష్ట్రం ఎట్లా వస్తుందని నాకు చిరాకేసింది.

గుండ్లలో పెద్దాయన మెల్లగా పక్కకు వచ్చి, "అన్నా, మా నాయిన మీకెట్ల ఎరుక?" అన్నాడు.

"ఏ ధర్నాల పోయిండన్నా?" అన్నాను సానుభూతిగా.

"ధర్నా ఏందన్నా? బర్రె తన్నింది. నెల రోజులు మంచంల ఉండి పోయిండు. ఇయ్యాల పదో దినం."

గుండ్లు, దండ, గంజులు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి గానీ, ఒక్కటీ నేననుకున్నది కాదు. అది కొత్తగూడ కూడా కాదట. సిగ్గుతో చచ్చిపోయి, ముసలాయన భార్య ఫోటో పక్కన కూర్చుని ఉంటే, ఆమె దగ్గరికి పోయి, "తప్పయిందవ్వా, తెల్వక..." అని నసిగాను.

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "తప్పేంది బిడ్డా? బతికినన్నొద్దులు గాయిన మాట ఇంట్ల పిల్లి సుత ఇనలే. ఇయ్యాల ఎక్కడోళ్లో గింత ఎండల వచ్చి జై కొట్టిండ్రు. జర ఇంకోపారి అనుర్రి. అని, కూసోని తినుర్రి."

మళ్లీ అన్నాం. ఈసారి కొడుకులు కూడా గొంతు కలిపారు. సాయంత్రం కొత్తగూడ చేరేసరికి అక్కడ గంజులు కడిగేస్తున్నారు, నాకు జెండాయే దక్కింది.

రాష్ట్రం వచ్చింది, నాకూ జుట్టు పల్చబడింది. ఇప్పుడు ఎవరైనా మైకు ఇస్తే, ఎవరి గురించి, ఏం సందర్భం అని ఒకటికి మూడుసార్లు అడుగుతాను. బడిలో కుర్ర టీచర్లు సారుకు చాదస్తమని నవ్వుకుంటారు. ఆ రోజు నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఆ ముసలాయనకు జై కొట్టేవాడే ఉండేవాడు కాడని మాత్రం వాళ్లకు చెప్పను.