మగ్గం గుంతలో పడి లేచిన కెమెరా

పెనుకొండలో ఉత్త హీనా అని అడిగితే నలుగురైదుగురు తేలుతారు. ఫోటోల హీనా అంటే మాత్రం బస్టాండు కాడి టీకొట్టు నుంచే దారి చూపిస్తారు. ముప్పై రెండేండ్ల మనిషి. సాయిబుల పెండ్లిండ్లలో ఆడోళ్లు కూర్చునే గదిలోకి మగ ఫోటోగ్రాఫరును రానియ్యరు గదా, ఆ గదిలోనే ఆమె పని మొదలైంది. ఆ తర్వాత ధర్మవరం మగ్గాలోళ్లు పిలవసాగినారు. ఇప్పుడు పట్టుచీర మగ్గం మీద ఉండంగానే ఫోన్లో ఫోటో చూసి బేరం పెట్టేవాళ్లు ఎక్కువైనారు. రంగు ఉన్నదున్నట్టు పడాల. హీనా తీస్తే నేరేడుపండు రంగు నేరేడుపండులానే పడుతుందని పేరు.

ఆమె కెమెరా సంగతి చెప్పాల. నాలుగేండ్ల కిందట బెంగళూరులో ఒక అంగడికి పోతే రెండు చూపించినారంట. ఒకటి కొత్తది, తేలిక. ఇంకోటి ఎవరో వాడి అమ్మిన పాతది, బరువు. హీనా రెండింటినీ వేలి కణుపుతో తట్టి చూసింది, సంతలో కుండను తట్టి చూసినట్టు. కొత్తది ప్లాస్టిక్ డబ్బా మోగినట్టు మోగింది. పాతది మోగనే లేదు. లోపల గట్టి లోహంతో పోతపోసిన చట్రం ఉండాదని అంగడాయన చెప్పినాడు. కిందపడితే ఏమవుతుందని ఈమె అడిగింది. పడనియ్యొద్దమ్మా అన్నాడు ఆయన. అయినా అదే తెచ్చుకునింది. ఇంటికొస్తే వాళ్లమ్మ హుస్సేన్‌బీ దాన్ని ఎత్తి చూసి, "ఇంత బరువు మోసేదానికి ఇంకో బిడ్డను కనింటే, రెండేండ్లకు దిగి నడిచేది గదే" అనింది.

మొన్న ఎండాకాలం హిందూపురం నుంచి శ్రుతి అనే అమ్మాయి ఫోన్ చేసింది. తన పెండ్లి మొత్తం హీనానే తీయాలంట. ఒక గది కాదు, మేళతాళాలు, తాళికట్టు, అంతా. అట్లాంటి పని హీనాకు అదే మొదలు. మగపెండ్లివాళ్లు మగమనిషిని పెట్టుకుందామన్నా ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఈ పెండ్లి బాగా తీస్తే ఇంక నాలుగిండ్లు పిలుస్తాయి. తీయలేకపోతే మళ్లీ ఆ గదే గతి.

పెండ్లికి ముందురోజు పొద్దున, ఒప్పుకున్న పని కదా అని, రైలెక్కి ధర్మవరం పోయింది. నేతాయన కుళ్లాయప్ప మగ్గం కింది గుంతలో కాళ్లు దించి కూర్చొని, రెండు నెలలుగా ఒకే చీర నేస్తాండాడు. ఆయన పెండ్లాం చౌడేశ్వరి పక్కన కూర్చొని కండెలకు దారం చుడుతాంది. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు. మగ్గం దగ్గరికి వచ్చేవాళ్లు గాజులు, ఉంగరాలు తీసి తట్టలో పెట్టాల. కెమెరా మెడపట్టీ కూడా. దాని కొక్కీ ఒక్క పోగును లాగినా చీర మీద గీత పడిపోతుంది. హీనా ఎప్పటి మాదిరే అన్నీ తీసేసి, ఒట్టి చేతుల్తో కెమెరా పట్టుకొని, పైనుంచి తీయాలని స్టూలెక్కింది.

స్టూలు కాలొకటి బండల సందులోకి దిగింది. మనిషి ఊగింది. కెమెరా చేతిలోంచి జారింది. ముందుకు వంగింటే దొరికేదే. వంగితే మోచేతులు రెండూ పడుగులో దిగుతాయి, వేల పట్టుపోగులు సాగదీసి కట్టిన పడుగు. హీనా చేతులు వెనక్కి తీసుకునింది.

కెమెరా గుంత అంచున బండకు తగిలి, కుళ్లాయప్ప కాళ్ల పక్కన గుంతలో పడింది. మగ్గం ఆగిపోయింది.

"నా కాలిమీదన్నా పడింటే మెత్తగా ఉండునే పాపా" అన్నాడు కుళ్లాయప్ప. నవ్వించాలనే అన్నాడు.

చౌడేశ్వరి మొదట పడుగు చూసింది, ఈ కొస నుంచి ఆ కొసకు. ఒక్క పోగూ తెగలేదు. అప్పుడు హీనా తట్టు తిరిగి, "దొరికేది. నేను చూస్తానే ఉండా. ఏల వదిలితివి?" అని అడిగింది.

"నీ రెండు నెలలు యాడనుంచి తెచ్చిస్తానక్కా" అనింది హీనా.

కుళ్లాయప్ప పైకొస్తే హీనా గుంతలోకి దిగింది. అద్దం సాలెగూడు మాదిరి పగిలి ఉండాది. బ్యాటరీ మూత తెరుచుకొని బ్యాటరీ ఒక మూల, కెమెరా ఒక మూల. ఒక పక్క నొక్కు పడింది. తెల్లారితే తాళికట్టు. పెండ్లిండ్ల కాలం, అడిగితే కెమెరా ఇచ్చేవాళ్లు జిల్లాలోనే లేరు. హీనా ఏడవలేదు గానీ, ఆ మట్టిలోనే కూర్చుండిపోయింది.

కాసేపటికి వేలితో మెల్లగా తడిమింది. పగిలింది పైన కాపుకు బిగించిన పలకఅద్దం. లోపలి అసలు కన్ను ఎట్లుందో తెలియాలంటే దాన్ని పట్టుకునిండే రింగు ఊడాల. దెబ్బకు వంగి బిగుసుకుపోయింది, తిరగదు. కుళ్లాయప్ప తెమ్మన్నాడు. ఎంత నున్నని దాన్నైనా దారం పట్టుకుంటుందని ఆయన లెక్క. గట్టి నూలుదారం తీసుకొని, కండె చుట్టినట్టు ఆ రింగు చుట్టూ ఇరవై ముప్పై చుట్లు బిగువుగా చుట్టి, కొస పట్టుకొని నిదానంగా లాగినాడు. రింగు కదిలింది. ఇంకొంచెం లాగితే ఊడి చేతికొచ్చింది. గాజుపెంకులు విదిల్చి చూస్తే లోపలి అద్దం కడిగిన ద్రాక్షపండు మాదిరి, గీతలేకుండా ఉండాది.

బ్యాటరీ పెట్టి మీట తిప్పితే వెలుతురొచ్చింది. హీనా గుంతలోంచే పైకి గురిపెట్టి నొక్కింది. వేల పోగుల నడుమ కిటికీ ఎండ దిగుతాంది. కుళ్లాయప్ప ఆ ఫోటోను చాలాసేపు చూసినాడు. నలభై ఏండ్లుగా ఆ గుంతలో కాళ్లాడించినాడు గానీ, తన మగ్గం కిందనుంచి ఇట్లుంటుందని ఎరగడు. చేసినోడు ఎవుడో గానీ పనోడు పాపా అన్నాడు, కెమెరాను చూపించి. పనోడికే తెలుస్తుంది పనితనం.

హీనా మాత్రం ఒక్క ఫోటోతో నమ్మలేదు. దగ్గరవి, దూరంవి, చీకట్లోవి నూరు తీసి, ఒక్కొక్కటే పెద్దది చేసి చూసుకునింది. చీర ఫోటోలు ఒప్పుకున్నట్టే ముగించి సాయంత్రం హిందూపురం రైలెక్కింది.

పెండ్లిలో మగపెండ్లివాళ్ల పెద్దాయన ఒకాయన కెమెరా నొక్కు చూసి, ఇదేందమ్మా సొట్టది తెచ్చినావని సాగదీసినాడు. నిన్న బండమీద పడిందని హీనా ఉన్నమాటే చెప్పింది. ఇంతలో మేళం గట్టిగా లేచింది, అక్షింతలు మీద రాలినాయి, జనం తోసుకొచ్చినారు. హీనా వేలు ఆగలేదు. మూడు ముళ్లూ పడినాయి, మూడూ దొరికినాయి. మూడో ముడికి శ్రుతి కళ్లెత్తి నేరుగా కెమెరాలోకి చూసి నవ్వింది, అదీ దొరికింది.

పక్కకొచ్చి తెరమీద ఆ నవ్వు చూసుకునింది. గోడకు ఆనుకొని రెండు గుక్కల నీళ్లు తాగింది. విస్తర్లు వేస్తాండారని ఎవరో కేకేస్తే, కెమెరా ఎత్తుకొని భోజనాల బంతుల తట్టు పోయింది.