వెచ్చటి జొన్నపిండి

అన్నం తినే చెయ్యి ఇది. ఈ చేతికే అంటింది ఆ పిండి. ఇంతకన్నా ఒట్టు నాకు తెలీదు. ఎవరైనా నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు చిరాకు, మళ్లీ మొదటి నుంచి చెప్తాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. నేనూ, నా స్నేహితుడు విఠలూ హైదరాబాద్‌లో కాలేజీ చదువుతున్నాం. విఠల్‌కు సినిమా పిచ్చి. చావి, అంటే కీ, తిప్పితే నడిచే చిన్న కెమెరా ఒకటి ఎవరినో బతిమాలి తెచ్చాడు. మాటలు పట్టదు, బొమ్మ మాత్రమే పడుతుంది. కథ కూడా వాడిదే. ఒక సిపాయి యుద్ధం నుంచి ఇంటికొస్తాడు. ఇంట్లో ఎవరూ ఉండరు. లోపలి వాకిట్లో కూలబడి ఏడుస్తాడు. అంతే. సిపాయిని నేను.

కావాల్సిందల్లా నడుమ ఆకాశం కనిపించే పాత ఇల్లు. కెమెరా సోమవారం తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ వెంటనే విఠల్ ఔరంగాబాద్ వెళ్లి గుమాస్తాగా చేరాలి. ఇప్పుడు తీయకపోతే వాడు ఇక జన్మలో సినిమా తీయడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు.

శనివారం సైకిళ్ల మీద చేవెళ్ల దాకా పోయాం. ఏ ఇంటివాళ్లూ ఒప్పుకోలేదు. ఒకాయన మంచినీళ్లిచ్చి మరీ కాదన్నాడు.

"ఫోటో దింపితే ఇంటి కళ పోతది బిడ్డా. ఇంకో జాగ చూసుకోండ్రి."

తిరుగుదారిలో మొయినాబాద్‌లో ఆగాం. అక్కడ బెల్లం అమ్మే వీరేశం సేటుకు సురంగల్‌లో ఒక పాత ఇల్లు ఉందనీ, అందులో కాపురం లేదనీ ఎవరో చెప్పారు. దుకాణానికి పోయి అడిగాం. సేటు మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"నాకేం ఫికర్ లేదు. గని ఇంట్ల అవ్వ ఉన్నది. ఆమెనడుగుండ్రి. అవ్వ సరేనంటే నేను సరేనన్నట్టే."

విఠల్ ముఖం వెలిగిపోయింది. ముసలామెను ఒప్పించడం వాడికి చిటికెలో పని. మా ఊళ్లో అవ్వలందరికీ వాడంటే ప్రాణం.

సురంగల్ చేరేసరికి చీకటి పడింది. సన్నగా తుంపర. ఇల్లు ఊరికి కాస్త ఎడంగా ఉంది. దీపం లేదు. తలుపు మూసి ఉంది... లోపల చప్పుడు.

గర్ర్... గర్ర్... గర్ర్...

విసుర్రాయి. నాకు భయం వెయ్యలేదు, నిజం చెప్తున్నాను. మనిషి ఉందని హాయిగా అనిపించింది.

"అవ్వా," అన్నాడు విఠల్.

రాయి ఆగింది.

"వీరేశం సేటు తోలిండు అవ్వా. రేపు ఒక్క పూట మీ ఇంట్ల పని చేసుకుంటం. ఏం ఖరాబు చెయ్యం."

వాడు అన్నది అంతే. కెమెరా పేరెత్తలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

తుంపర ఆకుల మీద పడుతోంది... స్టాండు వేసిన నా సైకిల్ వెనక చక్రం ఇంకా మెల్లగా తిరుగుతోంది. టిక్... టిక్... అదీ ఆగింది.

అప్పుడు...

"తిన్నరా బిడ్డా?"

తలుపు అవతల నుంచి వచ్చినట్టు లేదు ఆ గొంతు. పక్కన నిలబడి అడిగినంత దగ్గరగా ఉంది.

"తిన్నం అవ్వా," అన్నాను. పొద్దుటి నుంచి మాకు తిండి లేదు. కానీ కొత్తవాళ్లింట్లో అలాగే అంటాం కదా.

"పొద్దుగల్ల రాండ్రి. వెలుతురు మంచిగ పడ్తది."

మళ్లీ రాయి. గర్ర్... గర్ర్...

"వస్తం అవ్వా," అని ఇద్దరం చీకట్లోనే దండం పెట్టాం. వెనక్కి తిరగబోతుంటే నా కాలు జారింది. చెయ్యి గడప మీద ఆనింది. మెత్తగా ఏదో అంటుకుంది. ముగ్గేమో అనుకున్నాను. ముగ్గు చల్లగా ఉంటుంది... ఇది వెచ్చగా ఉంది. అప్పుడే విసిరిన పిండికి ఉండే వెచ్చదనం. వాసన చూశాను. జొన్నపిండి.

మొయినాబాద్ వచ్చేసరికి సేటు దుకాణం కట్టేస్తున్నాడు.

"అవ్వ ఒప్పుకున్నది సేటు," అన్నాడు విఠల్ రొప్పుతూ.

"బల్లి పలికిందా?"

"బల్లేంది?"

"గూట్ల దీపం పెట్టిండ్రా లేదా?"

అప్పుడు తెలిసింది మాకు. వాళ్లింట్లో అదొక రివాజు. చనిపోయిన పెద్దల్ని వాళ్లు 'ఉండె' అనరు, 'ఉన్నది' అనే అంటారు. అవ్వను అడగడమంటే గూట్లో దీపం పెట్టి, బల్లి పలికేదాకా చేతులు కట్టుకుని నిలబడటం. మేం తెలివితక్కువ దద్దమ్మలం, నిజంగానే వెళ్లి అడిగొచ్చాం.

నేను విసుర్రాయి చప్పుడు సంగతి చెప్పాను. సేటు లాంతరు పట్టుకుని దుకాణం వెనక్కి నడిచాడు. మూలన ఉన్న గోనెపట్టా తీశాడు. గుండ్రటి నల్లరాయి. నడుమ బెజ్జం.

"మీద తిరిగే రాయి ఈడనే ఉన్నది. అవ్వ పోయిన్నాడే తెచ్చినం, ఆమె తిప్పిన రాయి ఇంకొకరు తిప్పొద్దని. ఆడ కింది రాయొక్కటే."

ఆ రాత్రి దుకాణం అరుగు మీదే పడుకున్నాం. నిద్ర ఎక్కడిది?

"ఎవరో ఆడమనిషి వానకు తల దాచుకున్నదేమో," అన్నాడు విఠల్.

"మరి రాయి?"

వాడు అటు తిరిగి పడుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "చేవెళ్ల కాడికెల్లి ఈడి దాక అందరు పొమ్మన్నోళ్లే. రమ్మన్నది ఆమె ఒక్కతే రా. నేనైతే పోత."

వాణ్ని ఒక్కణ్నే ఎలా పంపుతాను? తెల్లవారగానే సేటును వెంటబెట్టుకుని పోయాం. గడప మీద పిండి లేదు. వాన కడిగేసిందేమో. లోపల చీకటి గదిలో కింది రాయి ఒక్కటే ఉంది, సాలెగూడు కట్టి. సేటు గూట్లో దీపం పెట్టాడు. ముగ్గురం చేతులు కట్టుకుని నిలబడ్డాం. బల్లి పలకలేదు.

"ఇంకేం పలుకుతది? రాత్రే పలికె గద," అన్నాడు సేటు. "తీసుకోండ్రి."

అప్పుడు దిగింది ఎండ. పైకప్పు నడుమ నుంచి నేరుగా వాకిట్లోకి, గోడల పొడుగునా, గది గుమ్మం దాకా. అంత మంచి వెలుతురు నేను మళ్లీ చూడలేదు. విఠల్‌కు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

వాడు చావి తిప్పాడు. గర్ర్‌ర్... కెమెరా నడిచింది. నేను టోపీ పెట్టుకుని లోపలికొచ్చి, అన్ని గదులూ చూసి, వాకిట్లో కూలబడ్డాను. ఇక ఏడవాలి. ఈలోగా చావి అయిపోయింది. కెమెరా ఆగింది.

చప్పుడు ఆగలేదు.

గర్ర్... గర్ర్...

నేను గది వైపు తల తిప్పాను. విఠల్ మళ్లీ చావి తిప్పి బొమ్మ పట్టాడట. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు.

కొన్నాళ్లకు సేటు దుకాణం ముందే దుప్పటి కట్టి మా సినిమా వేశాం. విఠల్ ఔరంగాబాద్ నుంచి సెలవు మీద వచ్చాడు, ఇంకో కథ రాసుకుని మరీ. దుప్పటి మీద సిపాయి వాకిట్లో కూలబడ్డాడు. కానీ ఏడవలేదు. గది వైపు తిరిగాడు... నవ్వాడు... పెదాలు కదిలాయి. చూసినవాళ్లకు అదే నచ్చింది.

"ఆడ ఏమన్నవ్?" అని అడిగాడు సేటు.

ఏమీ అన్నట్టు నాకు గుర్తు లేదు. విఠల్ ఆ ముక్క మళ్లీ తిప్పాడు. సేటు ముందుకు వంగి, నా పెదాలనే చూస్తూ, ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు.

"తినలే... అవ్వా."

ఆమె మళ్లీ అడిగిందా? నేను విన్నానా? ఏమో... ఈ రోజుకీ తెలీదు. ఆ పూట సేటు ఇంట్లో మాకు జొన్నరొట్టెలు పెట్టారు. కడుపునిండా తిన్నాను. ఈసారి అడిగితే తిన్నానని నిజమే చెప్పొచ్చు కదా అని, చెయ్యి కడుక్కున్నాక కూడా కాసేపు చెవి ఒగ్గి కూర్చున్నాను. ఎవరూ అడగలేదు.