మీసాల సభ్యురాలు, నేను పెట్టిన బిల్లు

ఒక మనిషి ఒకే మధ్యాహ్నం ఒక చట్టాన్నీ, ఒక ప్రభుత్వాన్నీ, తన పరువునూ కలిపి ముంచెయ్యగలడా అని మీకు అనుమానం ఉంటే నన్ను అడగండి. ముంచి చూపించినవాణ్ణి.

ఎనభైల మొదట్లో హోసూరులో ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాణ్ణి కాబట్టి, దేశం నా సలహా కోసమే కాచుకుని ఉందని గట్టి నమ్మకం. అప్పట్లో మా ప్యాకింగులో పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఉండేవారు. వాళ్ళకు ఇనప కడ్డీలు చెక్కే లేతు మిషను నేర్చుకోవాలని కోరిక. నేర్చుకుని పరీక్ష పాసైతే ఉద్యోగం పర్మనెంటు. కానీ ఆ శిక్షణకు మగవాళ్ళనే తీసుకునేవారు. వాళ్ళలో పెద్దది ఉద్దనపల్లి రత్నమ్మ. మేనేజరు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి, నాలుగుసార్లూ "చూద్దాం" అనే మాట మోసుకుని వచ్చింది.

"చదువుకున్నోడివి, ఏమన్నా చెయ్యి నారాయణప్పా" అంది నాతో.

చేశాను. ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి ఉత్తుత్తి పార్లమెంటు పెట్టి, అందులో సమాన అవకాశాల బిల్లు గెలిపిస్తానన్నాను. మేనేజరు నవ్వి, "మీ పార్లమెంటు ఒప్పుకుంటే శిక్షణా, పరీక్షా అందరికీ పెడతాను" అన్నాడు.

నెల రోజులు క్యాంటీను వెనక రిహార్సళ్ళు. బిల్లు ప్రవేశపెట్టడం, చర్చ, ఒక్కో క్లాజు మీద ఓటు, తర్వాత రెండో సభ, చివరికి రాష్ట్రపతి సంతకం, అన్నీ చెప్పాను. ఒక సభ అవునని ఇంకో సభ కాదంటే, రెండింటినీ కలిపి కూర్చోబెట్టి ఓట్లు లెక్కపెడతారని కూడా చెప్పాను. ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను. మగవాళ్ళు ఆవలించారు. రత్నమ్మ మాత్రం మజ్జిగ పోస్తూ వింటూ ఉండేది.

మజ్జిగ ఎందుకు పోస్తోంది అంటారా? అక్కడే ఉంది నా మేధస్సు. ఆడవాళ్ళు సిగ్గుపడతారని నాకు నేనే తేల్చుకుని, పదిహేను మంది సభ్యులనూ మగవాళ్ళనే పెట్టాను. అందరూ మగవాళ్ళే అయితే మరీ బాగుండదని లేతు తిమ్మప్పకు చీర కట్టించి, గాజులు తొడిగించి మహిళా సభ్యురాలిని చేశాను. మీసం తియ్యమంటే, "తీస్తే మా ఇంట్లో గుర్తు పట్టరప్పా" అన్నాడు. సరేనన్నాను. ఇంత బుద్ధి ఒక్క తలలో ఎలా పట్టిందో!

"మా బిల్లుకి మేము యాడ కూచోవాలప్పా?" అని అడిగింది రత్నమ్మ.

"గోడ పక్కన. మాట్లాడటానికి మీరు సిగ్గుపడతారు, చప్పట్లు కొడితే చాలు."

ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, మజ్జిగ కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

వార్షికోత్సవం రోజు మంత్రిగా నేను ప్రసంగించాను. తిమ్మప్ప కొంగు నడుముకు బిగించి, ఆడవాళ్ళ కష్టాలు చెప్పి జనాన్ని ఏడిపించాడు. ఓటింగు పెట్టాం. అవునన్నవాళ్ళు ఆరుగురు. కాదన్నవాళ్ళు తొమ్మిది మంది. కాదన్న చేతుల్లో అన్నిటికన్నా పైనున్నది గాజుల చెయ్యి.

"తిమ్మప్పా! నువ్వు ఆడదానివిరా!" అని అరిచాను.

"చీర నాటకానికి కట్టినా. పరీక్ష నిజమంట కదప్పా! వీళ్ళు నేర్చుకుంటే నా మిషను యాడికి పోతుంది?"

జనం కుర్చీల్లోంచి జారిపోయేలా నవ్వారు. మేనేజరు చేతులు దులుపుకుని, "మీ పార్లమెంటే వద్దంది, నేనేం చెయ్యను?" అని లేచాడు. పద్నాలుగు మంది భవిష్యత్తును నా చేతులతో నేనే పాతిపెట్టాను.

అప్పుడు రత్నమ్మ కుండ కింద పెట్టింది.

"ఉండండి సార్. పార్లమెంటుకి రెండు సభలుంటాయని ఈయప్ప చెప్పినాడు. ఇది ఒకటే. రెండోది మేము. ఇదే బిల్లు మేము పెడతా ఉండాము. చేతులెత్తండమ్మా!"

పద్నాలుగు చేతులూ లేచాయి.

"ఒక సభ అవును, ఒక సభ కాదు. మరి ఇప్పుడు?" అన్నాడు మేనేజరు, కూర్చుంటూ.

"రెండూ కలిపి లెక్కపెట్టాల సార్. మా పద్నాలుగు, ఆ సభలో ఆరు. ఇరవై. కాదన్నోళ్ళు తొమ్మిది. రాష్ట్రపతి మీరే, సంతకం పెట్టండి."

ఆయన నా వైపు తిరిగి, "రూలు ఇదేనా?" అన్నాడు.

"ఇదే సార్" అన్నాను. ఆ రోజు మొత్తానికి నా నోటి నుంచి వచ్చిన పనికొచ్చే మాట అదొక్కటే.

సంతకం పడింది. అందరికీ శిక్షణ ఇచ్చి, చివర పరీక్ష పెట్టారు. గుమాస్తాగిరీ విసుగెత్తి నేనూ చేరాను. పరీక్షలో రత్నమ్మ కడ్డీని అద్దంలా చెక్కి ఇచ్చింది. నేను కడ్డీ వంకర చేసి, టూలు విరగ్గొట్టి బయటికొచ్చాను. సమాన అవకాశం అంటే ఏమిటో అంత స్పష్టంగా ఏ పేపరూ నాకు చెప్పలేదు.

మరుసటి ఏడు మళ్ళీ పార్లమెంటు పెట్టారు. స్పీకరు రత్నమ్మ. నేను వెళ్ళి, "నాకేం వేషం?" అని అడిగాను.

"నువ్వు మజ్జిగ పొయ్యప్పా. మాట్లాడేదానికి సిగ్గుపడతావు" అంది.

ఆ మజ్జిగ కుండ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఆడమనిషి ఎదురుగా నిలబడి ఉండగా, ఆమె మాటను మీసాలవాడి నోట చెప్పించే పని ఈ జన్మలో మళ్ళీ చెయ్యను. ఆ మీసాలు నావైనా సరే.